ఎడమ కాలికి నవారు

మా రైల్వే కాలనీలో ఆ కథ ఇలా చెప్పుకుంటారు: డ్రైవరు గారి భార్య భయపడి పలకకు కాలు కట్టించుకుంది, ఎక్కీ ఎక్కకముందే నీళ్ళలో పడింది, కట్టు ఊడక పలకతో సహా ఒడ్డుకు చేరింది. ఇందులో చివరి ముక్క నిజం. కాదంటే ఒప్పుకోరు, చూసినవాళ్ళు ఇంకా ఇక్కడే క్వార్టర్లలో ఉన్నారు. మొదటి రెండూ శుద్ధ అబద్ధాలు. నేను భయపడలేదు. ఎక్కకముందే పడలేదు. ఎక్కాను. ఎంత ఎత్తుకు ఎక్కానన్నదే తగువు.

మా మరిది విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పని చేసేవాడు. ఎవరో విదేశీయుడు వదిలేసిపోయిన ఫాయిల్ బోర్డును రైలు బ్రేక్‌వ్యానులో వేయించుకుని మా బిలాస్‌పూర్ తెచ్చాడు. అదొక తేలే పలక. దాని కింద నిలువుగా లోహపు కాడ, కాడ చివర విమానం రెక్కలాంటిది. దానిమీద నిలబడితే పడవ లాగుతుంది. వేగం అందుకున్నాక రెక్క పలకనూ మనిషినీ నీటిమీంచి పైకి లేపేస్తుంది.

"సముద్రం ఉన్న ఊర్నించి సముద్రం లేని ఊరికి దీన్నెందుకు మోసుకొచ్చావయ్యా?" అన్నాను.

"అక్కడైతే అందరూ ఎక్కీస్తారు వదినా. ఇక్కడైతే మనవే!"

నేను ఎక్కుతానన్నాను. మా ఆయన నవ్వారు. "నువ్వా? ప్లాట్‌ఫారం మీంచి బండెక్కడానికే చెయ్యందించాలి. నీళ్ళమీంచి బెత్తెడు లే, నెల్రోజులు వంట నాది."

ఆ మాట ఆయన నోటినుంచి రావడం మా మరిదీ విన్నాడు, మా అత్తగారూ విన్నారు. ఇరవయ్యేళ్ళుగా ఆ గ్యాసుపొయ్యి ముందు నిలబడ్డదాన్ని. ఇక వదులుతానా?

పలకమీద కాళ్ళు దూర్చుకునే బెల్టులకు కన్నాలున్నాయి, బెల్టులు చివికిపోయాయి. కొత్తవి వేయాలా వద్దా? మా ఆయన వేయాల్సిందేనన్నారు. "లేకపోతే పలక పైకెళ్ళిపోద్ది, ఈవిడ కిందుండిపోద్ది." అందుకని నేను వద్దన్నాను. మర్నాడు మా మరిది అన్నగారిని కూర్చోబెట్టి, కొత్తవాళ్ళు పడితే కాలు విడిపోవాలనీ, బెల్టుంటే మడమ మెలిపడుతుందనీ నచ్చజెప్పాడు. ఆయన "అచ్ఛా, అయితే వద్దులే" అన్నారు. ఇక నేను కావాలనక తప్పలేదు. ఇది మొండితనం కాదు. మొగుడూ పెళ్ళామూ ఒకే మాటమీద ఉంటే ఆ ఇంట్లో ఆ మాటను పరీక్షించే దిక్కేది?

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు లోకో షెడ్డులో యంత్రాలకు పూజ జరిగితే, కాలనీలో ఇనుము అనిపించిన ప్రతిదానికీ బొట్టు పడుతుంది. స్కూటరుకి, కుట్టుమిషనుకి, కొబ్బరికోరాముకి. ఆ ఏడాది పలకకూ పడింది. సాయంత్రం మా ఆయన చెప్పులు కుట్టేచోట తోలు బెల్టు చేయించుకొస్తే మా అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు.

"బొట్టెట్టినదానికి తోలు కడతావేట్రా? బుద్ధుందేటి నీకు?"

"మరి నా పాదం పెట్టొచ్చా అత్తయ్యా?"

"దండవెట్టుకుని ఎట్టు. స్కూటరుమీద ఎట్టట్లేదేటి?"

అని తన మంచానికి అల్లగా మిగిలిన నవారు ముక్క తీసిచ్చారు. నూలుది, ఉతికినది, ఏ దోషమూ లేదట. చివరికి రాజీ కుదిరింది: ముందుండే ఎడమ కాలికి నవారు బెల్టు, కుడి కాలికి ఏమీ లేదు. అందరి మాటా సగం నెగ్గింది కాబట్టి అందరికీ కోపం వచ్చింది.

ప్రతి వేసవిలో మా అత్తగారి మంచం వదులైతే నవారుమీద నీళ్ళు చల్లి బిగిస్తాం. చల్లేది ఆవిడ, బకెట్టు మోసేది నేను. తడిస్తే నవారు బిగుస్తుందని మా ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. ఆ రోజు మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం నాలుగు కుటుంబాలం ఖూటాఘాట్ జలాశయానికి వెళ్ళాం. సల్వారు కమీజు మీద లైఫ్‌జాకెట్ వేసుకుని, మొలలోతు నీళ్ళలో పలకమీద కూర్చుని, నవారులో కాలు దూర్చాను. మరిది పడవలో నావైపు తిరిగి తాడు పట్టుకున్నాడు. పడవ కదలబోతుండగా ఒడ్డునుంచి కేక: "ఆగండర్రా, కొబ్బరికాయ కొట్టలేదు!" కాయ పగలదు. రాయి దొరకదు. నేను నానుతూనే ఉన్నాను.

ఎట్టకేలకు పడవ లాగింది. నిండు బిందె ఎత్తే ముందు మోకాళ్ళు వంచుతామే, అలా వంచి లేచి నిలబడ్డాను. పలక కింద నీళ్ళు టపటపా కొడుతున్నాయి, పళ్ళు కదిలిపోతున్నాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. అరికాళ్ళకు అదురు లేదు. పడవ ఇంజను మోత మాత్రమే, అదీ దూరంగా. మా ఆయన చూస్తున్నారా లేదా అని ఒడ్డువైపు తల తిప్పాను. అంతే, పడ్డాను. కుడి కాలు విడిపోయింది. ఎడమది రాలేదు.

ఒడ్డుకు లాగాక నవారును ఎంత గుంజినా కదల్లేదు. మా ఆయన చాకు తీస్తే అత్తగారు అడ్డుపడ్డారు. "పూజ చేసినదానికి కత్తెడతావేట్రా! ఆరితే అదే వదులవుద్ది." పలక కాలికి తగిలించుకుని, రెక్కను ఆకాశానికి ఎత్తిపెట్టి, ఎండలో కూర్చుని పులిహోర తిన్నాను. అదే కాలనీకి మిగిలిన బొమ్మ.

తింటూనే అడిగాను, "లేచానా?"

మా ఆయన కొబ్బరిముక్కలు ఏరుతున్నారట. అత్తగారు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారట. పడవవాడు ముందుకు చూస్తున్నాడు. మిగతావాళ్ళు బెల్టు ఎడమ కాలికా కుడి కాలికా అని మళ్ళీ వాదులాటలో పడ్డారట.

"నువ్వు నాకెదురుగా ఉన్నావు కదా బాబూ. చెప్పు."

"చూశాను వదినా. రెప్పెయ్యకుండా చూశాను."

"మరి?"

"నీ కాలే చూశాను. బెల్టు ఊడుద్దో లేదోనని."

"కాలి కింద నీళ్ళున్నాయా, గాలుందా?"

"అదొక్కటే చూళ్ళేదు."

సాక్షి లేని కేసని మా ఆయన కొట్టేశారు. ఆ రోజు రాత్రి వంటా నాదే, ఈ రోజు వంటా నాదే. సరే, లేవలేదనే అనుకుందాం. మరి నీళ్ళమీదే ఉన్న పలక కింద ఆ టపటప ఎందుకు ఆగినట్టు?