షంషేర్ ముందే వేడిచేసిన ఇంజిన్

తిరువూరులో పెళ్లి మంటపాల వాళ్లకు షంషేర్ ఉంటే ధైర్యం. కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ అందుకోవాలి. లేకపోతే పెళ్లికూతురి మేనమామలు మనిషిని మాటలతోనే కాల్చేస్తారు. అందుకని పొద్దున్నే వెళ్లి పావుగంట ఇంజిన్ తిప్పి వేడిగా ఉంచేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క ముహూర్తమూ చీకట్లో జరగలేదు.

ఆ పేరు విని ఒక కాంట్రాక్టరు అతన్ని యాభయ్యో ఏట దూరాన ఒక అణు విద్యుత్ కేంద్రంలో డీజిల్ మెకానిక్‌గా పెట్టాడు. భార్య పీర్‌బీ తిరువూరులోనే ఉండిపోయింది.

ఇంజినీరు రమాసుందరి మొదటి రోజే చెప్పింది. “రియాక్టర్ ఆపేసినా లోపలి ఇంధనం వేడెక్కుతూనే ఉంటుందండి. నీళ్లు తిరుగుతూ ఉండాలి. బయటి కరెంటు పోతే ఆ పంపుల్ని నడిపేది ఈ డీజిల్ జనరేటరే. పది సెకన్లలో అందుకోవాలి.”

“అందుకోకపోతే మేడమ్?”

“పక్కన రెండోది ఉంది. అదీ మొరాయిస్తే ఇంధనం కరిగేదాకా రావచ్చు. జపాన్‌లో సముద్రం వచ్చి డీజిళ్లను ముంచేశాక జరిగిందదే.”

ఆ మాట షంషేర్ మనసులో నాటుకుంది. నెలనెలా పరీక్ష రోజున గంట ముందే వెళ్లి, సర్వీసింగ్ అని చెప్పి, రెండు ఇంజిన్లనూ కాసేపు తిప్పి ఉంచేవాడు. ఆవిడ బటన్ నొక్కగానే ఆరు సెకన్లలో అందుకునేవి. “ఈయన చెయ్యి పడితే ఎద్దులబండి కూడా స్టార్టవుతుంది” అని తోటి మెకానిక్ మరియదాసు ఎగతాళి చేసేవాడు.

డిసెంబరు పరీక్ష రోజు పొద్దున వేడి చేద్దామని తిప్పితే మొదటి ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారికి గానీ రాలేదు. పని లేనప్పుడు కూడా దాన్ని వెచ్చగా ఉంచేందుకు ఒక హీటర్ ఉంటుంది. అతను పైపు మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది. హీటర్ ఎన్ని నెలల కింద పోయిందో. తను వేడి చేసి పెట్టబట్టే ఎవరికీ తెలియలేదు. ఆ రోజు పరీక్ష కూడా ఆరు సెకన్లలోనే పాసయింది.

మధ్యాహ్నం పీర్‌బీకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. “ఇక్కడ చెబితే గేటు పాస్ లాక్కుని పంపేస్తారు. మాట పొక్కకుండా హీటర్ మార్పించేస్తే సరిపోతుందేమో.”

“అన్ని నెలలూ బాగుందని రాసుకున్నారు కదండీ, ఆ కాగితాలు నమ్మేవాళ్ల సంగతేంటి?”

“రెండోది ఉందిలే.”

“దాన్నీ మీరే వేడి చేశారా?”

షంషేర్ తల తిప్పి రెండో ఇంజిన్ గది వైపు చూశాడు.

“మా అన్న కూతురి పెళ్లిలో దీపాలు పోయుంటే బిర్యానీ చీకట్లో తినేవాళ్లం” అంది పీర్‌బీ. “అక్కడ పోతే ఎవరేం తింటారండీ?”

అతను భోజనం మానేసి రమాసుందరి గదికి వెళ్లి అంతా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. కాగితం ఇచ్చి, “నెలల పేర్లతో సహా రాయండి” అంది. సాయంత్రానికి అతని గేటు పాస్ వెనక్కి తీసుకున్నారు. రెండో ఇంజిన్ హీటర్ బాగానే ఉందని మరియదాసు చెప్పాడు.

మొదటిదానికి కొత్త హీటర్ వేసి నాలుగో రోజున మళ్లీ పరీక్ష పెట్టారు. షంషేర్ ఆ రోజు దాకా ఊరికి బయల్దేరలేదు. సంచీ సర్దుకుని బస్టాండులో కూర్చుంటే రమాసుందరి ఫోన్ చేసింది.

“ఎనిమిది సెకన్లండి.”

“ముందు ఎవరైనా ముట్టుకున్నారా మేడమ్?”

“లేదు. నిన్నటి నుంచి ఆ గది తాళంచెవి నా దగ్గరే ఉంది.”

“అయితే అది నిజమైన ఎనిమిదే మేడమ్” అని, విజయవాడ బస్సు ఎక్కాడు.