పన్నెండు వోల్టుల బండిలో నా కునుకు

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి వేసవిలో, నా పదవీ విరమణకు ఇంకో ఏడాది ఉందనగా, జనరల్ మేనేజరు గారు నాకొక పని అప్పగించారు. అప్పటికి నేను విశాఖలోని ఒక ఇనుప కర్మాగారంలో ఎలక్ట్రికల్ విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజర్ని. కర్మాగారం పేరు ఇక్కడ అక్కర్లేదు. పని ఏమిటంటే, కంపెనీవాళ్లు పాతది కొన్న ఒక కేంపర్ ట్రైలర్‌కి వైరింగంతా పీకేసి కొత్తగా వేయించడం. కేంపర్ ట్రైలర్ అంటే జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల గది. ఒక మంచం, ఒక వంటగట్టు, చిన్న ఫ్రిజ్, ఒక ఫ్యాను. టూరిస్టులను అరకు తిప్పే ఒకాయన గిట్టుబాటు కాక అమ్మేసుకున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగంలో చేరింది మొదలు పదకొండు వేల వోల్టుల సబ్‌స్టేషన్లు చూసుకున్నవాణ్ని. మా భాషలో హెచ్.టి. మనిషిని, అంటే హై టెన్షన్ కరెంటుతో కాపురం చేసేవాణ్ని. ఇంట్లో ఫ్యాను పాడైతే మా ఆవిడ వీధి చివరి ఎలక్ట్రీషియన్ని పిలిచేది. అది నా స్థాయికి తక్కువ పని కాబట్టి పిలుస్తోందని నేననుకునేవాణ్ని, ఈయనకి రాదు కాబట్టి పిలుస్తున్నానని ఆవిడ అనుకునేది. అలాంటి నాకు పన్నెండు వోల్టుల బ్యాటరీ బండి అప్పగించారు. నా కింద ఉన్న ఇంజనీర్లకి ఇద్దామనుకున్నాను గానీ, వాళ్లంతా పెద్ద మోటారు మరమ్మతులో మునిగి ఉన్నారు. సరే, మనమే రెండు పూటల్లో తేల్చేద్దాం అనుకున్నాను.

బండిలో ఉండబోయే మనిషి పేరు గౌరినాయుడు. ఎలమంచిలి పక్క పల్లెవాడు, మా దగ్గర రిగ్గింగ్ ఫోర్‌మన్. రిగ్గర్లంటే క్రేనుకి బరువులు కట్టి పైకెత్తించేవాళ్లు. కరోనా వచ్చి తగ్గాక అతనికి మెట్లెక్కితే ఆయాసం. అందుకని ఎత్తు పనులు మాన్పించి, ఎలమంచిలి వైపు వేస్తున్న నీళ్ల పైపులైను దగ్గర పంపులు, వాల్వులు చూసుకునే పనిలో వేశారు. ఊళ్లు దూరం, చుట్టూ జీడితోటలు. రాత్రింబవళ్లు ఒక్కడే ఉండాలి. అతని ఇల్లు, వంటగది, పడకగది అన్నీ ఈ ట్రైలరే.

గోపాలపట్నం దగ్గర మా స్టోర్స్ యార్డులో బండి నిలబెట్టి ఉంటే, మొదటి రోజే వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. వంటకి గ్యాస్ పొయ్యి పెట్టిస్తానన్నాను. చెయ్యి అడ్డం పెట్టేశాడు.

"గ్యాస్ వద్దు బాబూ. కరోనా వొచ్చిన కాడ్నించీ నా ముక్కు పన్సేయట్నేదు. గ్యాస్ లీకయిపోనా, గుడ్డ కాలిపోనా నాకు తెల్దు. ఇంటికాడైతే మాయావిడి సూసుకుంటాది. ఈడ నాను ఒక్కడ్నే కదండి. కరెంటు కుక్కరు పెట్టించీయండి."

"కరెంటు వైరు కాలినా వాసనే కదా వచ్చేది?" అని కాస్త కవ్వించాను.

"అదే నానూ అడుగుతన్నాను. అప్పుడేటి సేత్తాను?"

నేను గొంతు సవరించుకుని, నిప్పును పసిగట్టడం ముక్కు పని కాదనీ, ఫ్యూజు పని అనీ, ఫ్యూజు నా పని అనీ, కాబట్టి నిశ్చింతగా ఉండమనీ చెప్పాను. ట్రైనీలకు పాఠం చెప్పే గొంతు అది. ఆ గొంతు వచ్చినప్పుడల్లా నాకేదో తిప్పలు రాసి ఉందని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. గౌరినాయుడు తలూపాడు గానీ నమ్మినట్టు కనిపించలేదు.

పని మొదలైంది. పాత వైర్లు ఎలకలు కొరికి, టేపుల మీద టేపులు చుట్టి, చూడబుద్ధి కాకుండా ఉన్నాయి. అవన్నీ పీకించాను. బ్యాటరీ బండి ముందు భాగంలో, జీపుకి తగిలించే ఇనప కమ్మీ మీద పెట్టెలో ఉంటుంది. వంటగట్టు వెనక చివరన. కుక్కరు నడవాలంటే ఇన్వర్టరు కావాలి. అది బ్యాటరీ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె. దాన్ని వంటగట్టు కింద బిగించి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా ప్లైవుడ్ గోడ వెనక నుంచి వైరు లాగించాను. ఇళ్లలో ఏసీలకి వాడే మంచి రాగి వైరు. ఫ్యూజు వంటగట్టు పక్కనే, చేతికి అందేలా పెట్టించాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. దానికి ఫొటో కూడా తీసుకున్నాను.

కుక్కరు పెట్టి చూస్తే ఫ్యూజు పోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పోయింది. ఇక్కడే మా హెచ్.టి. జాతి బుద్ధి బయటపడింది. కర్మాగారంలో ఏదైనా మోటారు ఊరికే ట్రిప్ అవుతుంటే, అంటే రక్షణ రిలే దాన్ని ఆపేస్తుంటే, ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేసి ప్రాణాలు తోడేస్తారు. మేమప్పుడు రిలే సెట్టింగు కాస్త పెంచుతాం. అక్కడ అది చెల్లుతుంది, ఎందుకంటే కేబుళ్లు మొదటే చేతి మణికట్టంత లావున వేసి ఉంటాయి. ఆ అలవాటు చొప్పున ఇక్కడా, చెయ్యి వణక్కుండా, మూడింతల పెద్ద ఫ్యూజు వేశాను. కుక్కరు ఎర్రలైటు వెలిగింది. ఫ్యూజు నోరెత్తలేదు. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఇక బండి పంపించేద్దామంటే గౌరినాయుడు అడ్డం పడ్డాడు. రిగ్గర్లలో ఒక ఆచారం ఉంది. మనుషుల్ని క్రేనుతో ఎత్తే ఇనప బుట్టని మ్యాన్ బాస్కెట్ అంటారు. ముందు దానిలో బరువులు పెట్టి ఎత్తి పరీక్షిస్తారు. ఆ తర్వాత మొట్టమొదట అందులో ఎక్కాల్సింది, తాళ్లు, కొక్కేలు బాగున్నాయని ఎవరు ఒప్పుకున్నారో వాళ్లే. ఏ రూలు పుస్తకంలోనూ లేదు, కానీ మా రిగ్గర్లు అది జరగనిదే బుట్టలో కాలు పెట్టరు.

"ఈ బండీ నాకు బాస్కెట్టే బాబూ," అన్నాడు. "బాగుందని మీరే కదా సెప్తన్నారు. అన్నీ యేసీసి, తలుపులేసుకుని, ముందు మీరు తొంగోండి. నాను కుక్కర్లో బియ్యం పడేత్తాను. అన్నం ఉడికీవరకూ మీరు నోపలుండాల. అప్పుడు నానెక్కుతాను."

నాకు ఒళ్లు మండింది. డిప్యూటీ జనరల్ మేనేజరు మిట్టమధ్యాహ్నం డబ్బాలో పడుకుని అన్నానికి కాపలా కాయడమా? కానీ కాదంటే ఏమవుతుందో తెలుసు. సాయంత్రానికల్లా క్యాంటీనులో 'సారు తను చేసిన బండిలో తనే ఎక్కడానికి జడిశాడు' అని పాకిపోతుంది. చెప్పులు విప్పి లోపలికెళ్లాను. ఫ్యాను, ఫ్రిజ్, దీపాలు, కుక్కరు అన్నీ వేసి, పేపరు మొహాన కప్పుకుని మంచమ్మీద వాలాను. గౌరినాయుడు టీ గ్లాసు పట్టుకుని బయట బ్యాటరీ పెట్టె పక్కన ఇనప కమ్మీ మీద కూర్చున్నాడు. పరువు పోయిందన్న బాధ ఎంతున్నా నిద్ర మాత్రం హాయిగా పట్టింది.

ఏదో మాడు వాసనకి మెలకువ వచ్చింది. నా మొదటి మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"గౌరినాయుడూ, నీ అన్నం మాడుతోందయ్యా!" అని అరిచాను.

"మీరే సూడండి బాబూ, నాకు తెల్దు కదా!" అని బయటి నుంచి సమాధానం.

కుక్కరు మూత తీశాను. అన్నం మల్లెపువ్వులా ఉంది. అప్పుడు చెయ్యి గోడకి ఆన్చి చటుక్కున తీసేశాను. ప్లైవుడ్ పెనంలా కాలుతోంది. మేకు కన్నంలోంచి సన్నగా పొగ వస్తోంది. ఇన్వర్టరు ఆపేశాను. పొగ తగ్గాలి, తగ్గలేదు. ఫ్యూజు పీకేశాను. పొగ ఇంకా ఎక్కువైంది! పైతొడుగు కరిగిపోయి, లోపలి రాగి బండి ఇనప చట్రానికి తగిలి అతుక్కుపోయింది. బ్యాటరీ నల్ల వైరు కట్టిందీ ఆ చట్రానికే, కాబట్టి బ్యాటరీ శక్తంతా ఆ తగిలినచోట నుంచే పారుతోంది. నేను ముచ్చటపడి పెట్టిన ఫ్యూజు వైరుకి ఈ చివరన ఉంది. ఆ చివరన, బ్యాటరీ దగ్గర, ఏమీ లేదు.

తలుపు తోసుకుని బయటికి ఉరికాను. అక్కడ కనపడింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. గౌరినాయుడు నాకు వీపు పెట్టి ప్రశాంతంగా ఇంకో గ్లాసు టీ తాగుతున్నాడు. అతని వీపు వెనక, జానెడు దూరంలో, బ్యాటరీ పెట్టె సందులోంచి నల్లటి పొగ కమ్ముకొస్తోంది. నాకు గొంతు మండిపోతుంటే అతను గ్లాసు ఊదుకుంటూ రెండో గుక్క వేశాడు. ఈ మనిషి నిద్రలో ఉంటే ఏమయ్యేది?

"లే! వెనకాల పొగ! నల్ల వైరు విప్పు! ముందు నల్లదే!" అని కేకేశాను. ఎర్ర వైరు ముందు విప్పబోతే పానా చట్రానికి తగిలి అదొక మెరుపవుతుంది. ఆమాత్రం ఇంకా గుర్తుంది నాకు. రిగ్గర్ల నడుముకి పానా ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది కాబట్టి సరిపోయింది. నా పానాలన్నీ లోపల, పొగలో ఉన్నాయి. గౌరినాయుడు పెట్టె మూత ఎగరగొట్టి, నల్ల వైరు బిగింపు వదులు చేసి లాగేశాడు. పొగ నెమ్మదించింది. ఇద్దరం కలిసి గోడ పలకలు పీకి, యార్డులో మంటలార్పడానికి ఉంచిన బకెట్లలోని ఇసక పోశాం. గోడ వెనక నా బ్రహ్మాండమైన వైరు కాలి బొగ్గుముక్కయింది.

ఖాళీ బకెట్లు పక్కన పెట్టాం. తర్వాత అతనే అన్నాడు. "ఏటి బాబూ, సెయ్యి గాని కాలీసిందేటి? సెమట్లు పట్టీసినాయి." తిట్టినా బాగుండేది. అన్నం గిన్నె బయటికి తెచ్చి, మాడలేదని చూపించి, నాకు సగం పెట్టాడు.

లెక్క వేసుకుంటే చిన్నపిల్లల లెక్క. ఇంట్లో రెండువందల ముప్పై వోల్టుల మీద కుక్కరు తీసుకునేది కొద్దిపాటి కరెంటు. అదే కుక్కరుకి పన్నెండు వోల్టుల నుంచి శక్తి రావాలంటే దాదాపు ఇరవై రెట్లు కరెంటు పారాలి. వోల్టు తగ్గితే వైరు లావెక్కాలి. ఈ సంగతి ఏటేటా కొత్త ట్రైనీలకి బోర్డు మీద రాసి చెప్పింది నేనే. పదకొండు వేల వోల్టులంటే ఉన్న భయం పన్నెండంటే లేకపోయింది, అంతే. ఫ్యూజు రెండుసార్లు పోయి నాకు చెప్పబోయింది కూడా అదే. దాని నోరు నేను మూయించాను.

మళ్లీ మొదటినుంచీ వేశాం. విశాఖ పాత ఊళ్లో పడవలకీ లారీలకీ వైర్లమ్మే బషీర్ భాయి దుకాణానికి నేనే వెళ్లాను, మొదటి వైరు కొన్నదీ అక్కడే. బొటనవేలంత లావు మెత్తటి రాగి కేబులు అడిగితే, "మొన్న దారం పట్టుకెళ్లారు, ఇవాళ ఓడ తాడు అడుగుతున్నారేంటి సాబ్?" అన్నాడు. బండి పెద్దదైందని చెప్పాను. నమ్మినట్టు నటించాడు, మర్యాదస్తుడు.

ఈసారి పని మొదలెట్టే ముందే నల్ల వైరు విప్పి పక్కన పెట్టాం. ఇన్వర్టరుని వంటగట్టు కింద నుంచి తీసి, ముందు గోడకి లోపలివైపు, బ్యాటరీకి దగ్గరగా బిగించాం. లావు కేబులు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపు పెట్టాం. దాని సైజు కుక్కరుని బట్టి కాదు, వైరు ఎంత మోయగలదో దాన్ని బట్టి చూశాం. అతుకులన్నీ మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా, రాగి తొడుగులు నొక్కి బిగించాం. వైరు ఇనప రేకులోంచి దూరేచోటల్లా రబ్బరు రింగు తొడిగాం, బండి కుదుపులకి ఒరుసుకోకుండా. పంపుల దగ్గర కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీని చార్జి చేసే ఇంటి కరెంటుకి దారి వేరు చేసి, కరెంటు లీకైతే కట్టేసే బ్రేకరు పెట్టి, చట్రానికి ఎర్తు వేశాం. బ్యాటరీ పెట్టె అడుగున, పైన గాలి కన్నాలు కొట్టించాం. మంచానికి ఎదురుగా పొగ తగిలితే గీ పెట్టే అలారం బిగించాం. దాన్ని అగరుబత్తితో పరీక్షిస్తే యార్డులో కుక్కలన్నీ పారిపోయాయి.

తర్వాత నేను, ఎవరూ అడక్కుండానే, చెప్పులు విప్పి లోపలికెళ్లాను. కుక్కరు రెండు విడతలు నడిపించాను. ఈసారి కన్ను మూయలేదు. అరచెయ్యి పెట్టి గోడనీ, ప్రతి అతుకునీ తడుముతూ కూర్చున్నాను. అంతా చల్లగా ఉంది. గౌరినాయుడు తొంగి చూసి, "ఇంక దిగండి బాబూ, అన్నం అయిపోనాది, నానెక్కుతాను," అన్నాడు. ఆ బండిలోనే వానాకాలమంతా ఉన్నాడు. నేను రిటైరైన నాటికీ అందులోనే ఉన్నాడు.

ఈ తతంగంలో నేను నేర్చుకున్నది వైరు లావు గురించి కాదు. అది నాకు ముందే తెలుసు, తెలిసీ చేయలేదు. నేర్చుకున్నది వేరే. నా ఉద్యోగకాలంలో గీసిన ప్రతి సబ్‌స్టేషన్ డ్రాయింగులో రిలేలు, బ్రేకర్లు, ఫ్యూజులు అన్నీ చూపించాను. కానీ ఆ కేబుళ్ల మధ్య షిఫ్టుకొకసారి తిరిగే మనిషి ముక్కు ఒకటుండేది. ఎన్నోసార్లు అన్నిటికంటే ముందు ప్రమాదం పసిగట్టింది అదే. దాన్ని నేను ఏ డ్రాయింగులోనూ చూపించలేదు, అది ఉందన్న ధీమాతోనే మిగతావన్నీ గీశాను. గౌరినాయుడి దగ్గర అది లేకపోయేసరికి నా రక్షణ ఏర్పాటు మొత్తంలో పనిచేసేది ఒక్కటీ లేదని తేలింది. అప్పటి నుంచి ఎవరు వైరింగు గురించి సలహా అడిగినా, ఆ ఇంట్లో వాసన తెలియని మనిషి ఒక్కడే నిద్రపోతున్నాడనుకుని వేయమని చెబుతున్నాను.