దర్జీ కుక్కపిల్ల

దర్జీ తన కుక్కపిల్లను పస్తులు పెడుతున్నాడనీ, అందుకే దాని చర్మం అలా వేలాడుతోందనీ వీధంతా గుప్పుమంది. అదంతా ఉత్తమాట. ముడతలు ఆ జాతికి పుట్టుకతో వచ్చినవే. రోజూ పొద్దున్నే దర్జీ తన మెడలో కొలతల టేపుతోనే కుక్కపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక్కో ముడతా విప్పి, తడి నిలవకుండా మెత్తని గుడ్డతో ఒత్తుతాడు. అది హాయిగా గురక పెడుతుంది. ఓరోజు పక్కింటి పెద్దమ్మ దాన్ని తీసుకుపోదామని బుట్టతో సహా వచ్చింది.

"నిజం చెప్పరా అబ్బాయ్, దీనికి తిండి పెడుతున్నావా లేదా?"

దర్జీ పిల్లను గుండెకు హత్తుకుని, నాకి నాకి మెరిసిపోతున్న గిన్నెను చూపించాడు.

"మరి ఈ వదులేంటి? ఇందులో ఇంకో కుక్క పడుతుంది."

"ఎదిగే పిల్ల కదా పెద్దమ్మా, దేవుడు రెండేళ్లకు సరిపడా కుట్టి పంపాడు."