తబిత సిస్టరుగారి హెరాల్డు

కడియం చుట్టుపక్కల ఊళ్లలో తబిత పేరు చెబితే ఎవరికీ తెలిసేది కాదు. సిస్టరుగారు అంటే చాలు, "తెల్ల కారు సిస్టరుగారా?" అని ఎదురడిగేవారు. మిషన్ ఆసుపత్రిలో పాతికేళ్ల పైచిలుకు కాన్పులు చేసిన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మద్రాసు వెళ్లిపోతున్న డాక్టరుగారి దగ్గర ఆ పాత స్టాండర్డ్ హెరాల్డు కారు కొనుక్కుంది. ఆడమనిషి కారు తోలడమేంటని కాలవగట్టు మీద నిలబడి నవ్వినవాళ్లే, ఇంట్లో ఆడపిల్లకు నొప్పులొస్తే ఆ కారు కోసం పరుగెత్తుకొచ్చారు.

రిటైరయ్యాక కూడా ఆమె కారు అమ్మలేదు. అయితే కంపెనీ ఎప్పుడో మూతపడింది, సామాన్లు దొరకడం లేదు. తొంభై తొమ్మిదిలో బ్రేకులు సరిగ్గా పడకపోవడంతో, పాత కార్లు బాగుచేస్తాడని పేరున్న హరిబాబు దగ్గరికి రాజమండ్రి తీసుకెళ్లింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"హరిబాబూ, బ్రేకులకి మాత్రం కొత్త సామానే వెయ్యి. కోయంబత్తూరులో ఎవరో తయారు చేస్తున్నారటగా, అవి తెప్పించు. బంపరుకి తుప్పు దులిపి మళ్లీ పూత పూయించు. ఇక ల్యాంపులు, హ్యాండిళ్లు, స్పీడోమీటరు మాత్రం ముట్టుకోకు. అవి బానే ఉన్నాయి."

"మీకెందుకు సిస్టరుగారూ, నాకొదిలెయ్యండి," అన్నాడు హరిబాబు.

కారు తెచ్చుకోవడానికి రాజమండ్రి వెళ్లిన రోజు తబిత తన కారును తనే పోల్చుకోలేకపోయింది. ల్యాంపులు తళతళ, హ్యాండిళ్లు తళతళ, స్పీడోమీటరు అద్దం తళతళ. పట్టుకుంటే రేకు డబ్బా మూతల్లా తేలిగ్గా ఉన్నాయి.

"ఇవేంటి? నా సామానేది?"

"పాతబడిపోయాయండి. అన్నీ కొత్తవి వేసేశాను. బ్రేకులకి మాత్రం ఒరిజినలే దొరికిందండి, మీ అదృష్టం. కంపెనీ సామాను!"

ఆమె మనసు చివుక్కుమంది. కానీ కళ్లాసుపత్రిలో చూపించుకోవడానికి వెంట వచ్చిన పొరుగింటి అచ్చాయమ్మ అప్పటికే నీరసంగా ఉంది. మర్నాడొచ్చి తేల్చుకుందామని బయల్దేరింది.

ఊరు దగ్గర పడ్డాక, గట్టు దిగే చోట గేదెల మంద, వెనకే దాన్ని తోలుకొచ్చే పిల్లలు అడ్డొచ్చారు. తబిత బ్రేకు తొక్కింది. పెడలు మెత్తగా నేలకంటా పోయింది, కారు ఆగలేదు. మళ్లీ తొక్కింది. లేదు. గేరు రెండుకి దించింది, ఒకటికి దించింది, హ్యాండ్‌బ్రేకు లాగి స్టీరింగు పక్కకి తిప్పింది. కారు వెళ్లి దారి పక్క గడ్డిమేటులో మూతి పెట్టి ఆగింది.

"ఏమైందమ్మా సిస్టరమ్మా? దిగిపోమంటావా?" అంది అచ్చాయమ్మ, ఆసుపత్రిలో కళ్లకి మందేసి కట్టిన పచ్చగుడ్డ ఎత్తకుండానే.

కడియం మెకానిక్కు అప్పారావు చక్రం ఊడదీసి చూపించాడు. బ్రేకు సిలిండరు ఏదో పాడుబడ్డ కారులోంచి పీకినది. లోపలంతా తుప్పు తిని గుంటలు పడింది, పైన నల్లరంగు. కంపెనీ సామానన్న మాట నిజమే. తబితకు ఒళ్లు మండిపోయింది. కళ్లు కనిపించని ముసలామె పక్కన కూర్చుని ఉంది, ముందు గేదెల వెనక పిల్లలున్నారు. ఇదా ఒరిజినలు?

మర్నాడు ఆ సిలిండరు చేత్తో పట్టుకుని హరిబాబు షెడ్డుకి వెళ్లింది. బండ్లు తెచ్చినవాళ్లందరి ముందూ బల్ల మీద పెట్టింది.

"ఎవరికో పొడిచిన సూది కడిగి, పెద్ద కంపెనీది అని నాకు పొడుస్తావా? అలా చేసినవాణ్ణి నేను ఆసుపత్రిలోంచి గెంటేశాను, తెలుసా? మార్చమన్నది మార్చలేదు, ముట్టుకోవద్దన్నది పీకేశావు. నా సామాను ఎక్కడుంది?"

హరిబాబు నసిగాడు, తల గోక్కున్నాడు. చివరికి బయటపెట్టాడు. రైసుమిల్లు సత్తిరాజుగారికి అలాంటి కారే ఉంది. ఆయన ఒరిజినల్ సెట్టు కావాలంటే ఈమె కారువి పీకి అమ్మేశాడు.

తబిత తిన్నగా మిల్లుకి వెళ్లింది. సత్తిరాజు కారు గుడ్డ కప్పుకుని షెడ్డులో ఉంది, రోడ్డెక్కి ఎన్నాళ్లయిందో. గుడ్డ తీయించి చూస్తే ఆమె స్పీడోమీటరు, ఆమె హ్యాండిళ్లు. ఎడమ తలుపు లోపలి హ్యాండిలుకి కొస లేదు.

"కొస విరిగినా అసలుదండి సిస్టరుగారూ. దాని విలువే వేరు," అన్నాడు సత్తిరాజు మురిపెంగా. "మీవని నాకు తెలీదు, హరిబాబు ఇచ్చాడు, తీసుకున్నాను. మీకు కొత్తవి వేశాడుగా?"

"ఎలా విరిగిందో తెలుసాండీ మీకు? వానలో వేమగిరి నుంచి ఒకమ్మాయిని తీసుకొస్తుంటే నొప్పులకి తాళలేక పట్టుకు లాగింది. ఆసుపత్రి గుమ్మంలో, ఆ సీట్లోనే కంది. ఆ ముక్క మీ షెడ్డులో గుడ్డ కింద అందానికి ఉండాలా?"

"కొన్నదాన్ని ఎలా ఇస్తామండీ?" అన్నాడాయన.

తబిత మిల్లు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. ధాన్యం తెచ్చిన ప్రతి రైతుకీ జరిగింది జరిగినట్టు చెప్పింది. వాళ్లలో సగం మంది ఇళ్లలో పిల్లలు ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. మధ్యాహ్నం భోజనాల వేళకి సత్తిరాజు పనివాణ్ణి పిలిచి హ్యాండిళ్లు, స్పీడోమీటరు ఊడదీయించాడు. ల్యాంపులు మాత్రం ఎవరో స్నేహితుడికి పంపేశానన్నాడు. అవి మళ్లీ రాలేదు.

కోయంబత్తూరు బ్రేకులు అప్పారావు చేత వేయించుకుంది. సంగతి తెలిసి సత్తిరాజు బజారులో కనిపించి, "డూప్లికేటు సామాను వేయిస్తే బండి విలువ పడిపోతుందండి," అని సలహా ఇచ్చాడు.

"అడ్డొచ్చినవాణ్ణి గుద్దకుండా ఆపేదాన్ని డూప్లికేటు అంటారేంటండీ? మీ బండి ఎటూ కదలదు, దానికి తుప్పు బ్రేకులే పెట్టుకోండి," అంది తబిత, సంచీ భుజాన వేసుకుంటూ.

తరవాతి ఏడాది హరిబాబు షెడ్డు ముందు పెద్ద బోర్డు వెలిసింది: "ఇచ్చట ఒరిజినల్ పార్టులు మాత్రమే వాడబడును." రాజమండ్రి వెళ్లినప్పుడల్లా తబిత ఆ బోర్డు కింద కారాపి, లోపల ఎవరున్నా సరే, బ్రేకుల సంగతి చెప్పి మరీ వెళ్లేది.

ఒకసారి హరిబాబు చేతులు జోడించుకుని బయటికొచ్చాడు. "ఇంకా ఎన్నాళ్లండీ సిస్టరుగారూ?"

"బోర్డు మీద ఆ ఒరిజినల్ అన్న మాట చెరిపేదాకా," అని ఆమె గేరు వేసింది.

హరిబాబు చెరపలేదు. ఆమె కూడా ఆపలేదు.