హెస్టరమ్మ కొత్త దయ్యం

మార్ల్‌కోట్ భవనంలో ఏం జరిగినా దయ్యం మీదికి తోసేయడం హెస్టరమ్మ అలవాటు. ఆ ఇంటి పెత్తనమంతా ఆవిడదే. ఆదివారాలు టికెట్ కొని వచ్చే జనానికి గదులు తిప్పి చూపించేదీ ఆవిడే. తలుపు కిర్రుమంటే సన్యాసిని దయ్యం. కప్పు కారితే బావిలో పడ్డ పెళ్లికూతురి దయ్యం. నేను ఆ ఇంటి వంటదాన్ని. ఒకసారి నా ఆపిల్ కేకు మాడిపోతే, "నీ తప్పేం లేదు డోరా, ఆ సన్యాసినికి పొగవాసన ఇష్టం" అంది. ఆ ఒక్కరోజు మాత్రం నేనూ నమ్మాను.

కిందటేడు ఆవిడ దగ్గరికి ఇంకో దయ్యం, ఈసారి మగదయ్యం, చేరింది. ఇంటి చెప్పులేసుకుని, పట్టపగలే, తన కుక్కను వెతుక్కుంటూ తిరుగుతుందట.

"ఈయనెప్పుడు పోయాడు?" అన్నాను.

"ఇంకా పూర్తిగా పోలేదు."

"హెస్టరమ్మా, మీకు పిచ్చి ముదిరింది."

"కనిపిస్తే నిలదీయకు. 'కుక్క తోటలో ఉందండీ' అని చెప్పు. వెళ్లిపోతాడు."

మా అయ్యగారు సర్ ఆంబ్రోస్ బాగా ముసలాయన. మేడమీద గది దాటి వచ్చేవారు కారు. భోజనం కూడా హెస్టరమ్మే పట్టుకెళ్లేది. ఆయనకు మతి చెడిందని తేలితే చాలు, వృద్ధాశ్రమంలో పడేసి ఇల్లు హోటల్‌వాళ్లకు అమ్మేద్దామని మేనల్లుడు సెడ్రిక్ కాచుకుని కూర్చున్నాడు.

ఒక ఆదివారం ఆ సెడ్రిక్ చెప్పాపెట్టకుండా వచ్చి జనంలో కలిశాడు. నేను టీ పట్టుకుని హాల్లోకి వెళ్లేసరికి అయ్యగారు మెట్లు దిగుతున్నారు. పైజమా, ఇంటి చెప్పులు, చేతిలో కుక్క గొలుసు.

"మా బిస్కెట్‌ని ఎవరైనా చూశారా?"

ఆ కుక్క చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. సెడ్రిక్ మొహం వెలిగిపోయింది.

హెస్టరమ్మ ముందుకొచ్చింది. "అందరూ కాస్త దారివ్వండి. నేను చెప్పిన దయ్యం ఈయనే." సెడ్రిక్ వైపు తిరిగి, "మీ మామయ్యగారు వేషం ఎంత బాగా కట్టారో చూడండి బాబూ. చప్పట్లు ముందు మీరే కొట్టాలి మరి" అంది.

జనం చప్పట్లు మొదలెట్టేశారు. అయ్యగారికి మతి పోయినా మర్యాద పోలేదు. చక్కగా నడుం వంచి అభివాదం చేశారు. "మళ్లీ ఎప్పుడండీ ఈ ఆట?" అని ఒకావిడ అడిగింది. అంతమందిలో సెడ్రిక్ ఏమనగలడు? తనూ చప్పట్లు కొట్టి, టీ తాగి, వచ్చిన దారినే పోయాడు.

అయ్యగారు నా దగ్గరికొచ్చి గొలుసు చూపించారు.

"తోటలో ఉందండీ," అన్నాను. నవ్వుతూ మేడెక్కారు.

వంటింట్లో హెస్టరమ్మను పట్టుకుని దెబ్బలాడాను. "నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెప్పాను కదా. నువ్వే నమ్మలేదు."

తర్వాతి వారం అయ్యగారే వంటింటి గుమ్మంలోకొచ్చి గొంతు తగ్గించి అన్నారు: "డోరా, మనింట్లో దయ్యం తిరుగుతోందట. పాపం, కుక్క తప్పిపోయిందట. కనిపిస్తే ఓ కేకు ముక్క పెట్టు."

"అలాగేనండీ," అని ముక్క కోసి బల్లమీద పెట్టి, గిన్నెలవైపు తిరిగాను. మళ్లీ చూసేసరికి పళ్లెం ఖాళీ.

కేకు తరిగిందేమని సాయంత్రం హెస్టరమ్మ అడిగింది.

"దయ్యం తినేసింది," అన్నాను.