పసుపుకొమ్ము మచ్చ

ఇరవై రెండేళ్లుగా నేను మోస్తున్న బరువు పప్పుగింజంత మచ్చ. అది నా ఒంటి మీద లేదు. నా మనవరాలి ఎడమ భుజం మీద ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది ఇబ్రహీంపట్నం. మనవరాలికి నెల నిండేసరికి కోడలు జ్వరంతో మంచం మీద ఉంది. క్షయ రాకుండా పసిపిల్లలకు వేసే సూది వేయించుకురమ్మని బిడ్డను నా చేతికిచ్చింది. ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. వరుసలో కూర్చున్నాను. నా ముందున్న బిడ్డ కెవ్వుమంది. లేచి వచ్చేశాను.

ఎందుకు? నా మొదటి బిడ్డకు ఆ సూది తర్వాత చంకలో గడ్డ కట్టింది. అది తగ్గింది. ఆ తర్వాత కొన్ని నెలలకు విరేచనాలు పట్టుకుని బిడ్డ పోయాడు. సూదికీ చావుకీ సంబంధం లేదని డాక్టరు గారు అప్పుడే చెప్పారు. విన్నాను. కానీ ఆ రోజు వరుసలో నా చేతులకు ఆ మాట గుర్తు రాలేదు, చంకలో తగిలిన గడ్డే గుర్తొచ్చింది.

వేయించానని ఇంట్లో చెప్పాను. చీటీ వాళ్లే ఉంచుకున్నారన్నాను. చదువు రానిదాన్ని కదా, ఎవరూ గుచ్చి అడగలేదు.

కోడలు లేచి తిరుగుతున్న రోజుల్లో ఒక పొద్దున అడిగింది.

“అత్తయ్యా, పక్కింటి పిల్లకి సూదేసిన చోట పొక్కొచ్చిందండీ. మన దానికి రాలేదేంటి?”

“వస్తుందిలే. అందరికీ ఒకేసారి కాయడానికి అదేమన్నా మామిడికాయా?”

“నవ్వులాట కాదండీ. రాకపోతే చూపించమన్నారంట. ఎల్లుండి నేనే తీసుకెళ్తా.”

వెళితే నా అబద్ధం బయటపడుతుంది. బిడ్డకు సూది కూడా పడుతుంది. రెండూ తెలుసు నాకు.

మా వైపు పసిబిడ్డల కడుపుబ్బితే పసుపుకొమ్ము కాల్చి చురక పెట్టేవారు. మా అత్తగారు నేర్పిన పని. మర్నాడు కోడలు స్నానానికి వెళ్లినప్పుడు కొమ్మును పొయ్యిలో పెట్టాను. ఎర్రబడింది. ఒక్కసారే భుజానికి ఆనించాను. ఆ ఏడుపు గురించి రాయలేను. తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చిన కోడలికి, సూది పొక్కు ఒత్తుకుని ఏడుస్తోందని చెప్పాను. “హమ్మయ్య, వచ్చిందా” అంది.

ఆ హమ్మయ్యే నన్ను ఇన్నేళ్లూ తిన్నది.

రెండో ఏట పిల్లకు ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. విజయవాడ ఆసుపత్రిలో వారం రోజులు ముక్కుకు గొట్టం. గాలిలో దుమ్ము వల్లే అన్నారు అందరూ. అవునన్నాను. అవునా? నా వల్లా? ఎవరూ తేల్చలేరు. తేలకపోవడమే నా శిక్షేమో.

నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. ఒత్తులు చెప్పేటప్పుడు తన భుజం చూపించి “మచ్చ, నాయనమ్మా. చ కింద చ” అంది. వారమైనా ఆ మాట రాయలేకపోయాను. ఒత్తు కష్టంగా ఉందనుకుంది.

ఇప్పుడు తను నర్సు. ఊళ్లలో చెప్పడానికి తెలుగులో రాసుకున్న కాగితం ఒకటి మొన్న బల్ల మీద కనబడింది. కూడబలుక్కుని చదివాను. ఆ సూది క్షయకే కాదట. ఒంట్లో ముందు వరుసలో కాపలా కాసే కణాలకు అది తర్ఫీదు లాంటిదట. అవి ఆ దెబ్బను గుర్తుంచుకుని, వేరే జబ్బు వచ్చినా తొందరగా లేస్తాయట. అందరిలో ఒకేలా కాదు, ఎన్నాళ్లుంటుందో కూడా పూర్తిగా తెలియదని రాసింది. అదే జ్ఞాపకం ఒక్కోసారి అతిగా లేచి సొంత ఒంటికే వాపు తెస్తుందనీ రాసింది. అక్కడ ఆగిపోయాను. చచ్చిన బిడ్డను గుర్తుంచుకుని, బతికున్న బిడ్డను కాల్చిన నా భయం అలాంటిదేనా? లేక తప్పుకు ఇప్పుడు మంచి పేరు వెతుక్కుంటున్నానా?

సోమవారం నుంచి తనకు క్షయ రోగుల వార్డులో డ్యూటీ. మాస్కు బాగా పెట్టుకోవే అన్నాను. “పెద్దయ్యాక ఆ సూది ఎంత కాపాడుతుందో చెప్పలేంలే. అయినా నువ్వు వేయించావుగా, నాకదో ధైర్యం” అని భుజం తట్టుకుని నవ్వింది.

వేయని సూదిని నమ్ముకుని రోగుల మధ్యకు వెళుతోంది.

ఈ ఉదయం కాగితం మీద రాసి ఇచ్చాను. నోటితో చెప్పలేకపోయాను. నిలబడే చదివింది. రెండోసారి చదివింది.

“అమ్మకి తెలుసా?”

“తెలీదమ్మా.”

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. డ్యూటీ మొదలయ్యేలోపు పెద్ద డాక్టరుకు చెప్పి పరీక్షలు చేయించుకోవాలంది. గోడకు చెబుతున్నట్టు చెప్పింది. వెళ్లిపోయింది.

సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ ఇంటికి వస్తారు. ఏమంటారో తెలియదు. నన్నిక ఈ ఇంట్లో అన్నానికి పిలుస్తారో లేదో తెలియదు. కానీ ఆ పిల్ల సోమవారం వార్డులోకి నిజం తెలిసి వెళుతుంది. అడిగితే కోడలికి అంతా నోటితోనే చెబుతాను.