గడ్డి లోడు పక్కన సైకిలు

మా మనవరాలు నకరికల్లు హైస్కూలుకి సైకిలు మీద పోతుంది. సైకిలు తెచ్చిన రోజే దానికి చెప్పా, "హారన్ వినపడితే దిగి మట్టిలోకి జరుగు" అని. రోడ్డు బండ్లవాళ్లది, అంచు మనది అనుకుంటూ పెరిగినదాన్ని నేను.

మొన్న వరికోతలప్పుడు అది బడి నుంచి వస్తోంది. నేను చేను నుంచి వెనకే నడిచొస్తున్నా. గడ్డి లోడు ట్రాక్టరు దాన్ని దాటింది. మా వైపు గడ్డిని ట్రాక్టరు వెనక ట్రక్కుకి రెండు పక్కలా బయటికి పేర్చి తాళ్లు బిగిస్తారు. తోలేవాళ్లు ట్రక్కు అంచు చూసుకుంటారు గానీ గడ్డి అంచు చూసుకోరు. గడ్డి భుజానికి కొట్టుకుని పిల్ల పడిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది.

తోలేది మా వీధి అతనే.

"హారన్ కొట్టా గదా పిన్నీ! దీనికి చెవుల్లేవా ఏంది?"

"తప్పైంది నాయనా, చిన్నపిల్ల" అన్నా.

"నేను అంచునే ఉన్నా నానమ్మా!"

దాని చెయ్యి గిల్లి, "నోరు మూసుకో" అన్నా.

మర్నాటి నుంచి పిల్ల సైకిలు ముట్టలేదు. బడికే పోనంది. "అయితే మిరపకాయలు కొయ్యను పంపిద్దాం" అన్నాడు మా అబ్బాయి.

నాకు ఈ వయసులో అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. కనపడ్డ బోర్డల్లా చదివిస్తుంది. మోచేతి కట్టు విప్పించడానికి నరసరావుపేట పోయినప్పుడు, బస్టాండు దగ్గర గోడ మీద రాసింది చూపించి చదవమంది. కూడబలుక్కున్నా.

"సైకిలును దాటేటప్పుడు ఎడం వదలండి. ఖాళీ లేకపోతే వెనకే ఆగండి."

"మరి ఆ రోజు తప్పెవరిది నానమ్మా?"

రెండోసారి చదువుతున్నట్టు గోడ వైపే తిరిగి నిలబడ్డా. దాని మొహం చూడలేకపోయా.

ఆ సాయంత్రం పిల్లను వెంటబెట్టుకుని ట్రాక్టరు అతని ఇంటికి పోయా. "ఆ రోజు తప్పైందన్నా గదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఖాళీ లేకపోతే నువ్వే ఆగాల" అన్నా.

"చదువొచ్చిందిలే! ఇంక లైసెన్సు కూడా పిన్నే ఇస్తదేమో!" అని నవ్వాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పిల్ల నవ్వలేదు.

ఈ ఉదయం మళ్లీ సైకిలెక్కింది. వీధి చివర నిలబడి చూస్తున్నా. ఎక్కడో హారన్ మోగింది. బండి ఇంకా కనపడనే లేదు. అది గబగబా దిగి, సైకిలు పట్టుకుని ముళ్లకంపలో నిలబడింది. ఎక్కమని కేకేయబోయా. దిగమన్నది నేనే.